చిరివేరు ఎరుపు: ఎవరి రసాయనం?

రసాయనశాస్త్ర చరిత్ర అనగానే ప్రయోగశాలలూ పేటెంట్లూ గుర్తొస్తాయి. అద్దకపు బానా, ఇసుకలో వేరు తవ్వే గునపమూ ఆ చరిత్రలోకి రావు. 2012 డిసెంబరులో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మంజిష్ఠ జాతి వేళ్ళలో ఉండే పర్‌పురిన్ అనే ఎర్రరంగు పదార్థం లిథియం బ్యాటరీలో ఎలక్ట్రోడుగా పనిచేస్తుందని రైస్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్ సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు అందులో చూపించారు. మొదటి రచయిత లీలా మోహన రెడ్డి. కోబాల్టు లేని బ్యాటరీ కోసం వెతుకులాట అది. ఆ వెతుకులాటకి మన ప్రళయకావేరి తీరంలో, పులికాట్‌లో, ఒక పాత కథ ఉంది.

ఈ సరస్సులో ఎక్కువ భాగం ఇవాళ తిరుపతి జిల్లాలో ఉంది. రేవు పట్టణం మాత్రం తమిళనాడుకి పోయింది. 1610లో వెంకటపతిరాయలతో ఒప్పందం చేసుకుని డచ్చివాళ్ళు ఇక్కడ దిగారు, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వాళ్ళకి కావలసింది గుడ్డ. ఆ గుడ్డకి ఎరుపునిచ్చింది ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు. 1795లో రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. అదే రేవు నుంచి గుడ్డతో పాటు మనుషుల్నీ బానిసలుగా బటేవియాకి ఓడలెక్కించారు. కంపెనీ లెక్కల్లో వర్తకుల పేర్లున్నాయి. ఇంటింటా నూలు వడికిన ఆడవాళ్ళ పేర్లు లేవు.

ఇక ఆ పనిలో ఉన్న రసాయనం సంగతి. గుడ్డని కరక్కాయ కషాయంలో పాలు కలిపి నానబెడతారు. పటిక పట్టిస్తారు. తర్వాత చిరివేరుతో కలిపి కాస్తారు. వేరు పట్టలోని అలిజరిన్ ఉత్తినే గుడ్డని పట్టుకోదు. పటికలోని అల్యూమినియంని తన అణువులో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్ల మధ్య బిగించుకున్నాకే రంగు నిలుస్తుంది. పర్‌పురిన్ ఆ అలిజరిన్‌కి తోబుట్టువు, ఒక్క హైడ్రాక్సిల్ గుంపు ఎక్కువ. బ్యాటరీలో అది లిథియంని పట్టుకునేదీ ఇలాంటి ఆక్సిజన్లతోనే. లోహాన్ని పట్టుకునే ఈ గుణాన్ని అణువు బొమ్మ గీయకుండానే వాడుకున్నవాళ్ళు అద్దకపు వాడల్లో ఉన్నారు.

ఆ తెలివి ఏమైంది? 1742లో కేర్డూ అనే జెస్యూట్ ఫాదరీ ఈ తీరపు అద్దకం పద్ధతుల్ని ఫ్రాన్సుకి ఉత్తరంగా రాసి పంపాడు. ఆ శతాబ్దం చివరికి గ్లాస్గో మగ్గాల మీద 'పులికేట్' రుమాళ్ళు తయారయ్యాయి. ఊరి పేరు సరుకు పేరైంది, ఊరికి మాత్రం ఏమీ మిగల్లేదు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ జర్మనీలో అలిజరిన్‌ని తారు నుంచి తయారుచేశారు. 1869లో దాని మీద పేటెంట్లు వచ్చాయి. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆ కృత్రిమ రంగు మద్రాసు ప్రెసిడెన్సీ అద్దకపు బానల్లోకి చేరింది. వేరు తవ్వేవాళ్ళ కూలి పోయింది. సరిగ్గా అప్పుడే, 1893లో, పెర్కిన్, హమ్మెల్ చిరివేరులో ఏ పదార్థాలున్నాయో ఇంగ్లండులో విశ్లేషించి ప్రకటించారు. తెలివిని ఇక్కడి చేతుల్లోంచి తీసుకున్నాక దానికి అక్కడ శాస్త్రమని పేరు పెట్టారు.

ఇందులో శాస్త్రాన్ని తిట్టడానికేమీ లేదు. అణువు బొమ్మ తెలిస్తేనే బ్యాటరీ ఊహ వచ్చింది. నా పేచీ పేర్ల దగ్గర. వడకడం, కడగడం, కాయడం, ఆరబెట్టడం 'ఇంటిపని' కింద కలిసిపోయి, వర్తకుడూ పరిశోధకుడూ మాత్రమే చరిత్రకి ఎందుకెక్కాలి?

ఇది గడిచిపోయిన ప్రశ్న కాదు. మొక్కల్లో మందులు వెతుకుతున్నారు, బ్యాటరీ సామాను వెతుకుతున్నారు. 2002 జీవవైవిధ్య చట్టం స్థానికుల పరిజ్ఞానానికి లాభంలో వాటా ఉందంటోంది. ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలంటున్నాయి దాని నియమాలు. ఆ రిజిస్టరులో 'సమాచారం ఇచ్చినవారు' అన్న చోట ఎవరి పేరు రాస్తున్నారు? వేరు తెచ్చిన ఆమె పేరా, ఇంటి యజమాని పేరా? డచ్చి గుమాస్తా రాయని పేర్లు ఇప్పుడైనా మనం రాయించాలి.