కండరాలు బయటపెట్టని కండరాల జబ్బు

కండరాలనూ చర్మాన్నీ దెబ్బతీసే జబ్బు డెర్మటోమయోసైటిస్‌ను గుర్తించడానికి 1975లో బోహన్, పీటర్ అనే ఇద్దరు వైద్యులు ఐదు ప్రమాణాలు పెట్టారు. కండరాల నీరసం, రక్తంలో కండర ఎంజైములు పెరగడం, కండరాల విద్యుత్ పరీక్ష ఈఎంజీలో తేడా, బయాప్సీలో కండరం దెబ్బతిన్నట్టు కనిపించడం... నాలుగూ కండరాలవే. ఐదోది ఒక్కటే చర్మం మీది దద్దు.

ఈ కొలతకు లొంగని రోగులు కొందరు జపాన్‌లో తరచూ కనిపించేవారు. కనురెప్పల మీద ఊదా ఛాయ, వేలి కణుపుల మీద ఎర్రని మచ్చలు. లేచి నడుస్తారు, బరువులెత్తుతారు, ఎంజైములూ మామూలే. ఇక భయం లేదనుకునేలోపే ఆయాసం మొదలయ్యేది. వారాల్లో ఊపిరితిత్తులు పాడై, ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో మసతాకా కువానా బృందం ఈ రోగుల రక్తాన్నే ప్రశ్నించింది. రేడియోధార్మిక గుర్తు వేసిన కణాల ప్రొటీన్లను రోగి సీరంతో కలిపారు. సీరంలోని యాంటీబాడీ తనకు కావలసిన ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. దాన్ని జెల్ మీద నడిపిస్తే గీతగా తేలుతుంది. కొందరిలో 140 కిలోడాల్టన్ల దగ్గర గీత కనిపించింది. 2005లో ఈ సంగతి ప్రచురించారు. ఆ గీత ఉన్నవారిలో ఊపిరితిత్తుల జబ్బు వేగంగా ముదరడం ఎక్కువనీ తేలింది.

ఆ ప్రొటీన్ ఏదో 2009లో తెలిసింది: ఎండీఏ5. కణంలోకి చొరబడ్డ వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే కాపలాదారు అది. దేహరక్షణ తన కాపలాదారు మీదే తిరగబడటమంటే కంచే చేను మేయడమే. ఎండీఏ5 కణ కేంద్రకంలో కాక దాని చుట్టూ ఉన్న ద్రవంలో ఉంటుంది. అందుకే, ప్రధానంగా కేంద్రకం మీది యాంటీబాడీలను వెతకడానికి సాధారణంగా చేయించే ఏఎన్‌ఏ పరీక్షలో చాలాసార్లు ఏమీ దొరకదు. ‘నెగటివ్’ అన్న ఆ ఒక్క మాట ఎంత ప్రమాదమో!

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు మరో ఆధారం చూపారు. ఈ యాంటీబాడీ ఉన్నవారిలో అరచేతి మడతల్లో నొప్పి పుట్టే బొడిపెలు, కణుపుల మీద మానని పుళ్లు ఎక్కువ. రక్తపరీక్ష ఫలితం రాకముందే చేతులు చూసి అనుమానించే వీలు కలిగింది.

వేలి కణుపుల మీద మానని పుళ్లుండి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే కండరాలు నీరసించేదాకా ఆగకండి. రుమటాలజిస్టును కలిసి, ఛాతీ సీటీ స్కాన్, ఎండీఏ5 యాంటీబాడీ పరీక్ష అవసరమా అని అడగండి.