పాట కోసం ఊరు దాటినవాళ్లు

చిత్తూరు నాగయ్య గారు పుట్టింది చిత్తూరులో కాదు. 1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. పెరిగిందీ, రంగస్థలం మీద నిలదొక్కుకున్నదీ మాత్రం మన వైపే. చిత్తూరులోని రామవిలాస సభ ఆడిన 'సారంగధర'లో చిత్రాంగి వేషం ఆయనకు పేరు తెచ్చింది. ఊరి పేరు ఇంటిపేరై కూచుంది. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాల్లోకి వెళ్లారు. 'పోతన', 'త్యాగయ్య' చిత్రాల్లో నటించడమే కాదు, పాడారు, సంగీతమూ సమకూర్చారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. ఈనాటికీ చిత్తూరులో నాటకం ఆడాలంటే ఆయన పేరున్న కళాక్షేత్రం మెట్లే ఎక్కుతాం.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మిత్రులు అడిగారు. బడి కట్టడాల గురించి, హెడ్మాస్టర్ల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు మనలో ఉన్నారు. నేను వేరే సంగతి ఎంచుకున్నాను. పాట, ఆట, మాట మూడూ కలిసిన విద్య నేర్చుకోవడానికి మన ప్రాంతపు పిల్లలు ఏయే ఊళ్లు దాటారు? ఇప్పుడు దాటాలంటే దారి ఎటు? ఈ ప్రశ్న నా ముందుకు ఊరికే రాలేదు. మా బ్యాచ్ మిత్రుడొకడి మనవరాలు నన్ను అడిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఊళ్లోనే ఉన్న బడి

మన జిల్లాలో నాటకానికి మొదటి బడి ధర్మరాజుల గుడి. పుత్తూరు, నగరి, కార్వేటినగరం వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో భారతం పెడితే చాలాచోట్ల 18 రోజులు సాగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. హరికథలో పగలు విన్న ఘట్టాన్నే రాత్రి కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకొని ఆడతారు. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు పాడుకుంటూ తపస్సుమాను ఎక్కుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరినాడు మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆపైన అగ్నిగుండం.

ఆ వేషగాడికి మైకు లేని రోజుల్లో ఊరి చివరిదాకా వినిపించే గొంతు ఉండాలి. మద్దెల దరువుకు అడుగు పడాలి. పద్యమూ పాటా వచనమూ తెల్లవార్లూ తడుముకోకుండా రావాలి. ఇవాళ పెద్ద పెద్ద కళాశాలలు వేరువేరు తరగతుల్లో నేర్పే విద్యలు అన్నీ అక్కడ ఒక్క మనిషిలో ఉండేవి. నేర్పే పద్ధతి కూడా ఒకటే. తాళాలు పట్టుకొని వెనక నిలబడడం, చిన్న వేషం కట్టడం, ఏళ్లు గడిచాక రాజు వేషం.

ఒక్క లోటు ఉంది. ఆ మేళాల్లో ద్రౌపది వేషం కూడా మగవాళ్లే కట్టేవారు. ఊరి నాటకంలో ఆడపిల్లకు చోటు ప్రేక్షకుల్లోనే.

రైలు ఎటుపోతే అటు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మన ఊళ్లు చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అందువల్ల చదువైనా, కోర్టయినా, సంగీతమైనా మనవాళ్ల చూపు దక్షిణానికే. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారు కాంచీపురం వెళ్లి నాయనా పిళ్లై గారి దగ్గర గురుకులవాసం చేశారు. లయలో ఆ గురువుకున్న పట్టు దక్షిణ దేశమంతా చెప్పుకొనేది. శిష్యుడు 1954లో సంగీత కళానిధి అయ్యారు. కంచి ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. కానీ గురువు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోవడమంటే ఆ రోజుల్లో ఇల్లు విడిచినట్టే లెక్క.

పడమట మరో దారి ఉండేది, బళ్లారి దారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, తర్వాత బళ్లారి రాఘవ, ముగ్గురూ వకీళ్లే. పగలు కోర్టు, రాత్రి నాటకం. ధర్మవరం వారి 'చిత్రనళీయం'తో తెలుగు నాటకంలోకి పద్యమూ పాటా ధారాళంగా వచ్చాయి. ఆయన సరసవినోదిని సభ 1891లో మద్రాసు వెళ్లి నాటకాలు ఆడితే, అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ రంగస్థలానికి ఆయన ఎంత చేశారో తమిళులు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాయలసీమ పాట నాటకం ఊరు దాటి పొరుగువాళ్లకు దారి చూపించిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఇంకోటి సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించడంతో మొదలైంది. అక్కడ కుటుంబమే బడి. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. నడక వచ్చిన బిడ్డ బాలకృష్ణుడయ్యేది. ఆ బడిలో సీటు కావాలంటే ఆ ఇంట పుట్టాలి, లేదా ఆ ఇంటికి కోడలుగా రావాలి.

మూడు ముక్కలైన చదువు

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం కళలను చేరదీసింది. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ వచ్చింది. 1959లో ఆ అకాడమీ నీడలోనే జాతీయ నాటక విద్యాలయం, మనం ఎన్‌ఎస్‌డీ అనేది, మొదలైంది. అదే 1959లో మన తిరుపతిలో దేవస్థానం శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల పెట్టింది. 1983లో తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1985లో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట కళల విభాగం వచ్చాయి.

అన్నీ మంచి పనులే. కానీ దీనితోపాటే ఒక మార్పు జరిగిపోయింది. వీధినాటకంలో ఒక్క మనిషిలో ఉన్న విద్య మూడు భవనాల్లోకి విడిపోయింది. పాటకు ఒక కళాశాల, ఆటకు ఒక విభాగం, నాటకానికి మరో ఊరు. పాడుతూ నటించాలనుకునే పిల్ల ముందు ఏ భవనంలోకి అడుగుపెట్టాలో తేల్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 1914లోనే కార్నెగీ సంస్థ నాటకంలో డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత తర్వాత పాట, నృత్యం, నటన కలిపి ఒకే డిగ్రీగా నేర్పే విశ్వవిద్యాలయాలూ వచ్చాయి. అక్కడ స్థిరపడిన మన బ్యాచ్ వాళ్ల మనవలు, మనవరాళ్లు అలాంటి సీట్ల కోసం ఊరూరా తిరిగి పాడి వినిపిస్తున్నారని వింటుంటాను. ఇక్కడి పిల్లలు ఆ ముక్కలను తామే అతుక్కోవాలి.

అతుక్కున్న మనిషి ఒకరున్నారు, బి.వి. కారంత్. దక్షిణ కన్నడ జిల్లాలో పుట్టి, చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణ గారి నాటకాల కంపెనీలో చేరారు. ఆ వీరణ్ణ గారే ఆయన్ను చదువుకోమని కాశీకి పంపారు. కాశీలో చదువుతోపాటు ఓంకారనాథ్ ఠాకూర్ గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి ఎన్‌ఎస్‌డీలో చదివారు. 1977లో దానికే డైరెక్టరయ్యారు. అంత తిరిగిన మనిషి 1990లలో మన సురభి వాళ్ల దగ్గరికి వచ్చి వాళ్లతో 'భీష్మ', 'చండీప్రియ' వంటి నాటకాలు చేయించారు. ఏ కళాశాల గడపా తొక్కని సురభి నటుల గొంతుల్లో ఆయనకు కావలసిన సరుకు దొరికింది. ఊరు విడిచి నేర్చిన విద్య మళ్లీ ఊరి విద్యను వెతుక్కుంటూ రావడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న

మా బ్యాచ్ మిత్రుడి తండ్రి వీధినాటకాల్లో ధర్మరాజు వేషం కట్టేవారు. పగలు వేరుశనగ సేద్యం. మిత్రుడిది బంగారంలాంటి గొంతు. మద్రాసు పోయి సంగీతం నేర్చుకుంటానని అడిగితే, రాత్రంతా రాజుగా ఊరేలిన ఆ తండ్రే "పాట కూడు పెట్టదు నాయనా, టీచర్ ట్రైనింగుకు పో" అన్నారట. మిత్రుడు పోయాడు. మంచి ఉపాధ్యాయుడయ్యాడు. తరగతిలో తిక్కన పద్యం రాగం తీసి చదివితే పక్క తరగతి పిల్లలు కిటికీ దగ్గర చేరేవారు.

ఇప్పుడు వాడి మనవరాలు తిరుపతిలో డిగ్రీ పూర్తి చేసింది. నాలుగేళ్లుగా గాత్రం నేర్చుకుంటోంది. పాటా నటనా కలిపి చదువుతానంటోంది. ఒక కాగితం మీద మూడు ఊళ్లు రాసుకొచ్చింది: హైదరాబాదు, ఢిల్లీ, కర్ణాటకలోని హెగ్గోడు. "తాతా, యాడికి పోవల్ల?" అంది. పక్కనున్న వాళ్లమ్మ అడిగింది వేరు. "చిన్నాయనా, ఆడపిల్లను అంత దూరం పంపించి మేమిక్కడ నిద్రపోయేదెట్ల? రేపు చదువైనంక పని యాడ దొరుకుతుంది?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. ముందు ఆ పిల్లకు తెలిసింది చెప్పాను. ఢిల్లీ ఎన్‌ఎస్‌డీకి డిగ్రీ ఉండాలి, అంతకుముందు నాటకాలు ఆడిన అనుభవం ఉండాలి. మూడేళ్ల చదువు. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, కాబట్టి ఇంటిమీద భారం తక్కువ. కానీ అక్కడ ప్రధానంగా నడిచేది హిందీ. మన పిల్ల ముందు ఆ భాషలో నోరు తిప్పుకోవాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చదివితే చేతికి పీజీ పట్టా వస్తుంది, రేపు పాఠం చెప్పుకోవడానికీ పనికొస్తుంది. చుట్టూ తెలుగు ఉంటుంది. రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటుంది. హెగ్గోడు శివమొగ్గ జిల్లాలో చిన్న పల్లె. అక్కడ కె.వి. సుబ్బణ్ణ గారి నీనాసం 1980లో నాటక శిక్షణ మొదలుపెట్టింది. ఏడాది కోర్సు, కన్నడంలో. మన లిపికి దగ్గరి లిపి, మన సరిహద్దు భాష. తెల్లారి లేచింది మొదలు నాటకమే.

నాలుగో దారి కూడా చెప్పాను, దాని కాగితం మీద లేనిది. తిరుపతి సంగీత కళాశాలలోనే హరికథ నేర్పుతారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక్క మనిషే పాత్రలన్నీ అయి పాడి, ఆడి, నవ్వించి, ఏడిపించే విద్య అది. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టింది హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారినే. పాట నాటకానికి దగ్గరి చుట్టం ఇంటి పక్కనే ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడా పిల్ల ఒక మాటంది. "హరికథ నేర్చుకుంటాను తాతా. కానీ నాకు పదిమందితో కలిసి ఆడాలని ఉంది. మా ముత్తాత ఆడినట్టు. మన ఊళ్లో ఆ మేళంలోకి నన్ను రానియ్యరు కదా." దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్లమ్మ దగ్గరా లేదు. ఆ పిల్ల దూరం పోవాలంటున్నది ఊరు నచ్చక కాదు. ముత్తాత ఎక్కిన అరుగు తనకు దూరం చేశారు కాబట్టి.

ఇక తల్లి ప్రశ్న. పని దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేదు, ఇవ్వలేను. చరిత్ర చెప్పేది మాత్రం చెప్పాను. మనవాళ్లలో పైకొచ్చినవాళ్లు ఖాళీ చేతులతో ఊరు దాటలేదు. నాగయ్య గారు మద్రాసు వెళ్లేనాటికే చిత్తూరు సభలో పేరు తెచ్చుకున్నారు. కారంత్ గారు కాశీకి కంపెనీ అనుభవంతో పోయారు. మన పిల్ల కూడా నాలుగేళ్ల గాత్రం వెంటబెట్టుకొని పోతోంది. చివరికి తల్లి ఒప్పుకుంది, ఒక షరతు మీద: ముందు హైదరాబాదు, ఢిల్లీ సంగతి ఆ తర్వాత, ప్రవేశ పరీక్షకు పెద్దవాళ్లెవరైనా తోడు పోవాలి. తోడు నేనే పోతున్నాను.

మనం చేయగలిగింది

ఈ చరిత్ర తిరగేస్తుంటే నాకు స్పష్టంగా కనబడ్డది ఒకటుంది. ఈ కథల్లో చాలాచోట్ల మనిషి వెనక ఒక సభ ఉంది. బళ్లారిలో సరసవినోదిని, చిత్తూరులో రామవిలాస సభ. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, సాయంత్రానికి ఒకచోట చేరే మామూలు మనుషులు నడిపిన సభలవి. మన సంఘమూ అలాంటిదే కదా. యాభై ఏళ్లుగా మనం బెంచీలు కొనిచ్చాం, తాగునీళ్లు పెట్టించాం, మొదటి ర్యాంకు పిల్లలకు బహుమతులిచ్చాం. పాడే పిల్లకు ఏమిచ్చామని వెనక్కి చూసుకుంటే వార్షికోత్సవంలో ఒక స్టీలు గిన్నె మాత్రమే కనబడుతోంది.

స్వర్ణోత్సవ నిధి నుంచి రెండు పనులు చేయాలని కార్యవర్గానికి నా మనవి. ఏటా మన బడి నుంచి సంగీతమో, నృత్యమో, నాటకమో చదవాలనుకునే పిల్ల ఒకరికైనా, పిల్లవాడికైనా, ప్రవేశ పరీక్షకు పోయివచ్చే దారిఖర్చూ తోడుగా పోయే మనిషీ సంఘం తరఫున ఏర్పాటు కావాలి. రెండోది, మన ప్రాంతపు వీధినాటక కళాకారుల్లో పెద్దవారొకరిని ఎండాకాలం సెలవులకు ముందు ఒక నెల బడికి పిలిపించి పిల్లలకు నేర్పించాలి, ఆడపిల్లలకు కూడా. వారికి గౌరవ వేతనం ఇచ్చి పంపాలి. ఈ రెంటికీ అయ్యే ఖర్చు మనం ఈ ఉత్సవానికి వేసిన షామియానా ఖర్చును మించదని కోశాధికారి గారితో లెక్క చూశాకే రాస్తున్నాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడతాను. బలపరిచేవారు ముందుగా నాకొక మాట చెప్పండి.