శ్రీపర్వత ఏకాంతము

వివిక్తదేశమును ఆశ్రయించుటను జ్ఞానలక్షణములలో ఒకటిగా గీత పదమూడవ అధ్యాయము పేర్కొన్నది. అట్టి దేశమునకు పల్నాటిలో ప్రాచీన నిదర్శనము మాచర్ల సమీపమున గల శ్రీపర్వతము, అనగా నేటి నాగార్జునకొండ. మూడువైపుల నల్లమల గిరులు, నాల్గవవైపు కృష్ణానది. క్రీ.శ. 3వ శతాబ్దమున ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది.

అశ్వమేధయాజియైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి శాంతిశ్రీ అచటి బౌద్ధ మహాచైత్యమునకు శిలాస్తంభములను ప్రతిష్ఠించినది. విహారముల నడుమ స్తంభమండపము, దానిని పరివేష్టించి భిక్షువులకు చిన్న గదులు ఉండెడివి. వారి మౌనము నగరమునకు చేరువనే, గృహస్థుల దానముతో నిలిచినది. భిక్షాపాత్ర నిండనిదే అరణ్యవాసము సాగదు గదా!

1954 నుండి 1960 వరకు విస్తృతముగా త్రవ్వకములు జరిగినవి. పిమ్మట నాగార్జునసాగర జలములు లోయను కప్పగా కొండశిఖరము ద్వీపమైనది. కొన్ని కట్టడములను ఆ ద్వీపమునకును, తీరమున గల అనుపునకును తరలించి పునర్నిర్మించిరి. తక్కిన రాజవీథులును, ధ్యానస్థలములును ఒకే నీటిక్రింద నున్నవి.

స్థలమునే నమ్ముకొనిన ఏకాంతము స్థలముతోనే మునుగును. సాధకునకు అరణ్యము అభ్యాసశాల. అచట అలవడిన నిశ్చలత్వము జనుల నడుమను చెదరకున్నచో, అదియే మునుగని శ్రీపర్వతము.