పుదుక్కోట అక్కలు సైకిలెక్కిన చరిత్ర

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ శాతం చదువుతుంటాం. ఈసారి వాటితో పాటు ఒక చరిత్ర కూడా రాస్తామని మా గ్రామ సంఘం వాళ్లం అడిగి తీసుకున్నాం. కారణం ఏమంటే, మా సంఘంలో సైకిళ్ల మీద మూడు మీటింగుల నుంచి వాదన నడుస్తోంది. బ్యాంకుకు పోవాలన్నా, మండల సమాఖ్య ఆఫీసుకు పోవాలన్నా మాకు నాలుగు కిలోమీటర్లు. ఆటో నిండేదాకా కదలదు. లేకపోతే ఇంట్లో మగవాళ్లు మోటార్ సైకిల్ మీద దించాలి. వాళ్లకు తీరిక లేని రోజు మన పని ఆగిపోతుంది. సంతకం పెట్టాల్సిన లీడరు రాలేక తీర్మానం వాయిదా పడిన సందర్భాలు అందరికీ తెలిసినవే. సైకిల్ నేర్చుకుందాం అంటే ఒక పెద్దమ్మ లేచి, "పెళ్లయి పిల్లలున్న ఆడది సైకిల్ తొక్కితే ఊరు నవ్వదా?" అని అడిగింది. ఆమె మాటను కొట్టిపారెయ్యలేం, నవ్వుతారు. పుదుక్కోటలో కూడా నవ్వారు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

పుదుక్కోట తమిళనాడులో తిరుచ్చికి దక్షిణాన ఉంటుంది. ఒకప్పుడు సంస్థానం. 1948లో దేశంలో కలిసింది, 1974లో జిల్లా అయ్యింది. మెట్ట ప్రాంతం, రాళ్ల క్వారీలు ఉన్న జిల్లా, కూలి బతుకులు ఎక్కువ. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. దాని పేరు అరివొళి ఇయక్కం. అరివొళి అంటే జ్ఞానపు వెలుగు. అప్పుడు కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు.

సరిగ్గా ఆ కాలంలోనే మన నెల్లూరు జిల్లాలో అక్షర దీపం రాత్రి బడులు నడిచాయి. దూబగుంటలో ఆడవాళ్లు చదువుకుంటూ చదువుకుంటూ సారా మీదికి వెళ్లారు. ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి దాచుకుందాం అని పొదుపు లక్ష్మి సంఘాలు అప్పుడే లేచాయి. మన అత్తలు, అమ్మలు ఆ కథ చెబుతుంటే విని పెరిగినవాళ్లమే మనం. రెండు జిల్లాలకూ వచ్చింది ఒకే చదువు ఉద్యమం. ఇక్కడ ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, అక్కడ ఆడవాళ్లు సైకిలెక్కారు. అక్షరాలు దిద్దించడానికి వచ్చినవాళ్లు ఇవి రెండూ జరుగుతాయని మొదట అనుకుని ఉండరని మాకు అనిపిస్తుంది.

సైకిల్ ఎందుకొచ్చింది? చదువు చెప్పే కార్యకర్తల్లో ఆడవాళ్లు చాలామంది. సాయంత్రం కూలి పని ముగిశాకే కదా క్లాసులు. దూరపు ఊర్లకు వెళ్లి రావాలంటే తండ్రో, అన్నో, భర్తో తీసుకెళ్లాలి, లేదా బస్సు కోసం కాచుకోవాలి. ఇంకొకరు కదిలిస్తేనే కదిలే మనిషికి అక్షరం వచ్చి ఏం లాభం అని ఆలోచించి, సొంతంగా రాకపోకలు చేయగలగడాన్ని కూడా చదువులో భాగం చేశారు. ముందు కార్యకర్తలు నేర్చుకున్నారు. వాళ్లను చూసి చదువుకునే ఆడవాళ్లు మాకూ నేర్పండి అన్నారు. వాళ్లను చూసి పక్కింటివాళ్లు. వ్యవసాయ కూలీలు, క్వారీ కూలీలు, నర్సులు, బడి టీచర్లు, ముస్లిం ఇళ్ల ఆడపిల్లలు అందరూ వచ్చారు. ఊర్లలో శిక్షణ శిబిరాలు పెట్టారు, సైకిల్ మీద పాటలు కట్టి పాడారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్లు హ్యాండిల్‌కు జెండాలు కట్టుకుని, బెల్లు కొట్టుకుంటూ పుదుక్కోట పట్నంలో తిరిగారు. ఆ రోజు ఊరికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

పాత్రికేయుడు పి. సాయినాథ్ గారు ఆ జిల్లాలో తిరిగి, 1996లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించి రాశారు. లక్ష మందికి పైగా ఆడవాళ్లు నేర్చుకున్నారని, పదేళ్లలోపు పిల్లలను పక్కన పెడితే జిల్లా పల్లెల్లోని ఆడవాళ్లలో నాలుగో వంతు అని ఆయన లెక్క. పట్నంలో ఒక షాపులో ఒక్క ఏడాదిలో లేడీస్ సైకిళ్ల అమ్మకం 350 శాతం పెరిగిందట. అవి దొరక్క చాలామంది మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. కొందరికి అవే నచ్చాయి కూడా. ఎందుకంటే ముందున్న కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు. ఇది చదివి మా మీటింగులో అందరం నవ్వుకున్నాం. చిన్నప్పుడు అద్దె సైకిల్ తెచ్చుకుని ఆ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాళ్లం మాలో ఐదారుగురం ఉన్నాం. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో మాన్పించారు, అంతే.

వాళ్లు సైకిల్ మీద ఏం చేశారంటే, మనం రోజూ చేసే పనులే. నీళ్ల బిందెలు మోశారు, పిల్లలను బడికి దించారు, పండిన సరుకు తామే తీసుకెళ్లి అమ్ముకున్నారు. బస్సు కోసం పోయే పొద్దు మిగిలింది. అదే జిల్లాలో రాళ్ల క్వారీలు కొన్నింటిని అక్కడి ఆడకూలీల డ్వాక్రా సంఘాలకు లీజుకిచ్చారు. క్వారీ నడపాలంటే ఆఫీసు చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగాలి కదా. సంఘానికీ సైకిల్‌కూ సంబంధం ఏంటని అడిగేవాళ్లకు మేం ఈ సంగతి చెబుతున్నాం.

మగవాళ్ల వెటకారాలు అక్కడా ఉన్నాయి. పాడు మాటలు అన్నవాళ్లూ ఉన్నారు. అయినా ఎందుకు ఆగలేదు అని మేం బాగా మాట్లాడుకున్నాం. మాకు అర్థమైంది ఇది. ఒక్కామె తొక్కితే ఊరు నవ్వుతుంది, వంద మంది ఒకే నెలలో తొక్కితే నవ్వేవాడి ఇంట్లో ఆడమనిషి కూడా ఆ వందలో ఉంటుంది. రెండోది డబ్బు. నేర్చుకున్నంత మాత్రాన సైకిల్ చేతికి రాదు. ఇంట్లో ఉన్నది మగవాడి సైకిలే అయితే అతను పనికి పోయాక మనకేం మిగిలింది? అక్కడ కలెక్టరు గారు బ్యాంకులతో మాట్లాడి ఆడవాళ్లకు సైకిల్ కొనుక్కోను అప్పులు ఇచ్చేలా చూశారు. ఒక్కో బ్లాకుకు ఇంత బాధ్యత అని పంచారు. పాటలు, జెండాలు ఎంత అవసరమో ఇది కూడా అంతే అవసరం. ఈ సంగతి మరిచిపోయి జెండాల కథ ఒక్కటే చెప్పుకుంటే మనకు పని జరగదు.

బీహారుది వేరే దారి. అక్కడ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ కోసం రెండు వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లు, ఆపైన దూరం ఉన్న ఊర్లలోనే ఎక్కువ ఫలితం కనపడింది. దూరమే అడ్డం అయిన చోట సైకిల్ పనికొస్తుంది. మా ఊరికీ బ్యాంకుకూ ఉన్న నాలుగు కిలోమీటర్లు మాకు అందుకే గుర్తొచ్చాయి.

మన రాష్ట్రంలో కూడా హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. మా ఊర్లో అవి ఉన్నాయి. పిల్ల పదో తరగతి పాసైపోయాక కొన్ని పాల క్యాన్లు మోస్తున్నాయి, కొన్ని పశువుల పాక గోడకు ఆనుకుని గాలి లేకుండా పడున్నాయి. కొత్తవి కొనే ముందు వీటిని బాగు చేయిద్దాం అని తీర్మానం రాశాం. నేర్పేది కూడా ఆ పిల్లలే. తల్లి వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పిల్లలు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు తయారయ్యారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎవరూ బలవంతం చెయ్యరు. ప్రశ్న అడిగిన పెద్దమ్మ తను ఎక్కనంది కానీ, కోడలి పేరు రాయించింది.

ఇంకా తేలనివి రెండున్నాయి. మెయిన్ రోడ్డు మీద అర కిలోమీటరు లారీల భయం ఉంది, కాలవ గట్టు మీద నుంచి పోతే అది తప్పుతుంది కానీ వానాకాలం బురద. రెండోది, ఊర్లో పంక్చర్ షాపు మూతపడింది. ఇప్పుడు పంక్చర్ పడితే మండలం దాకా నడిపించుకుంటూ పోవాలి. మా సభ్యుల్లో ఒకామె పంక్చర్ వెయ్యడం నేర్చుకుంటానంది. పంపు, అతుకుల సామాను కొనడానికి సంఘం అంతర్గత నిధి నుంచి ఆమెకు అప్పు ఇవ్వాలని రాసుకున్నాం, వచ్చే నెల మీటింగులో సంతకాలు. గట్టు బాట మీద గ్రావెల్ పోయించమని పంచాయతీకి అర్జీ రాసి పెట్టాం. అది ఇవ్వడానికి మాత్రం ఆటోలో కాకుండా సైకిళ్ల మీదే పోదామని అనుకున్నాం.