దృశ్య అవధానం, వర్కింగ్‌ మెమరీ: మరుగునపడిన ఒక సాక్ష్యం

కంటికి కనబడి మరుగైన వస్తువును కొద్ది క్షణాలు మనసులో నిలుపుకొని, దాని ఆధారంగా తర్వాతి పని చేయగల శక్తిని వర్కింగ్‌ మెమరీ అనీ, కళ్ళముందున్న అనేక దృశ్యాలలో కావలసినదాన్ని ఏరుకొని తక్కినవాటిని పక్కకు నెట్టే శక్తిని దృశ్య అవధానం అనీ మనస్తత్వశాస్త్రం వ్యవహరిస్తుంది. వీటి చరిత్రను పాఠ్యగ్రంథాలు దాదాపు ఒకే తీరున చెబుతాయి: నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్‌ కార్టెక్స్‌ అనే మెదడు పైపొర భాగం స్మృతికి గోదామని 1936లో తెలిసింది, 1971లో అందులోని సరుకు కంటబడింది, 1989లో దాని అరల పటం తయారైంది. ఈ వరుస చూడడానికి బాగానే ఉంది గాని, ఇందులో ఇమడని సాక్ష్యమొకటి తొలినాళ్ళలోనే దొరికింది.

చూపు కదలకుండానే ధ్యాసను మళ్ళించవచ్చని 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్‌ గుర్తించడం, 1890లో విలియం జేమ్స్‌ తన గ్రంథంలో అవధానానికి ఒక అధ్యాయం కేటాయించడం, 1960లో మిల్లర్‌, గాలంటర్‌, ప్రిబ్రమ్‌ వర్కింగ్‌ మెమరీ అన్న పేరును వాడుకలోకి తేవడం, 1974లో బాడ్లీ, హిచ్‌ దానికొక నమూనా కట్టడం అందరూ ఎరిగినవే. అసలు వివాదమంతా 1936కూ 1942కూ మధ్య ఉంది.

యేల్‌ విశ్వవిద్యాలయంలో జాన్‌ ఫుల్టన్‌తో కలిసి పనిచేసిన కార్లైల్‌ జాకబ్‌సన్‌, కోతి చూస్తుండగానే రెండు గిన్నెలలో ఒకదాని కింద తిండి దాచి, మధ్యలో తెర దించి, కొన్ని సెకన్ల తర్వాత తెర ఎత్తి, ఏదో ఒక గిన్నెను ఎంచుకోనిచ్చేవాడు. మామూలు జంతువులు సులువుగా నెగ్గే ఈ పరీక్షలో, ఇరువైపులా ప్రీఫ్రంటల్‌ భాగం తొలగించినవి కొద్దిపాటి ఎడానికే తప్పాయి. అవి తత్కాల స్మృతిని కోల్పోయాయని జాకబ్‌సన్‌ 1936లో తేల్చాడు. శాస్త్రలోకం ఆ తీర్పును దాదాపు యథాతథంగా స్వీకరించింది.

అయితే 1942లో రాబర్ట్‌ మాల్మో అదే పరీక్షలో ఒక చిన్న మార్పు చేశాడు: ఎడం సాగినంతసేపూ దీపాలు ఆర్పివేశాడు. శస్త్రచికిత్స జరిగిన కోతులే చీకట్లో గణనీయంగా మెరుగ్గా ఎంచుకోగలిగాయి. స్మృతి నిలిచే చోటే పోయి ఉంటే, దీపం ఆర్పినంతమాత్రాన అది తిరిగి రావడానికి వీలులేదు. కాబట్టి పోయింది స్మృతి కాదనీ, మధ్యలో కంటబడే ప్రతిదానివల్లా అది చెదిరిపోకుండా కాపాడే శక్తి అనీ, అంటే అవధానానికి చెందినదనీ అనుకోవడమే సహేతుకం. ఇంత స్పష్టమైన ఫలితానికి ప్రచారంలో ఉన్న కథనాలలో ఒక్క వాక్యమైనా దక్కకపోవడం విచారించదగిన విషయం.

అలాగని మాల్మో ఫలితం ఒక్కటే గోదాము వాదాన్ని కూల్చేస్తుందనడం అతిశయోక్తి అవుతుంది. 1989లో ఫునహాషి, బ్రూస్‌, గోల్డ్‌మన్‌-రకీచ్‌ కోతులకు తెరమీద ఒకచోట చుక్క చూపి, అది మాయమయ్యాక కాసేపు ఆగి అటు చూడనిచ్చే పరీక్షలో, ప్రీఫ్రంటల్‌ భాగంలోని ఒక్కో నాడీకణం ఒక్కో దిశకు ప్రత్యేకంగా స్పందిస్తూ ఎడం పొడుగునా చురుకుగా ఉంటుందని చూపారు. మెదడులో ఒకవైపు ఆ భాగం దెబ్బతింటే ప్రధానంగా వ్యతిరేక వైపున్న చోట్లే మరపున పడతాయనీ, చుక్క కళ్ళెదుటే ఉంటే అంత ఇబ్బంది ఉండదనీ అదే బృందం 1993లో నిరూపించింది. ఊరికే ధ్యాస చెదరడం ఇంత స్థలనిర్దిష్టమైన లోపాన్ని వివరించలేదన్నది బలమైన ఆక్షేపణే; కాని అవధానం కూడా దృశ్యక్షేత్రంలో చోటుచోటుకూ వేరుగా కేటాయింపబడేదే గనుక ఆ ఆక్షేపణతో వాదం ముగియదు. పైగా 1971లో, కుబోట, నికి కూడా ఇటువంటి కణాలనే వర్ణించిన ఏడాదే, ఎడం పొడుగునా చురుకుగా ఉండే కణాలను నివేదించిన ఫుస్టర్‌, అలెగ్జాండర్‌లు ఆ చురుకుదనాన్ని స్మృతిలో ఉన్న సమాచారంపై అవధానం నిలపడంగానే ఊహించారు. గోదాముగా చదివింది తర్వాతి తరం.

దృశ్యం స్వయంగా ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు తల వెనుక భాగం నుంచి వచ్చింది. 1985లో మోరన్‌, డెసిమోన్‌ ఒకే కణం పరిధిలో రెండు దృశ్యాలున్నప్పుడు ఆ కణం ధ్యాస పెట్టినదానికే ఎక్కువగా స్పందిస్తుందని చూపగా, 2003లో మూర్‌, ఆర్మ్‌స్ట్రాంగ్‌ ముందుభాగంలో కంటిచూపును నడిపే ప్రాంతాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకితే వెనుక దృశ్యప్రాంతపు కణాల స్పందన పెరుగుతుందని చూపారు. ముందుభాగం ఆజ్ఞ పంపుతుందనీ, దృశ్యప్రాంతం దాన్ని పాటిస్తుందనీ దీనివల్ల స్పష్టమైంది. 2009లో హారిసన్‌, టాంగ్‌ మనుషులు జ్ఞాపకం పెట్టుకున్న గీతల వాలును వారి దృశ్యప్రాంతపు ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ చిత్రాలనుంచే ఊహించగలిగారు. 2016లో మాకీ, కర్టిస్‌ ప్రభృతులు, ప్రీఫ్రంటల్‌ పైపార్శ్వం దెబ్బతిన్న రోగులు స్థలస్మృతిలో వెనుకబడలేదనీ, దాని వెనుకనున్న ప్రీసెంట్రల్‌ ప్రాంతం దెబ్బతిన్నవారే వెనుకబడ్డారనీ తేల్చారు. కోతిలో రూపొందిన పటాన్ని మనిషికి యథాతథంగా అంటగట్టకూడదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ప్రస్తుత స్థితి మాత్రం పూర్తిగా సంతృప్తికరం కాదు. ఎడం మధ్యలో కణాలు మౌనంగా ఉన్నా, నాడీసంధుల బలంలో వచ్చే తాత్కాలిక మార్పే స్మృతిని మోస్తుందన్న 2008 నాటి మోంగిల్లో, బరాక్‌, త్సోదిక్స్‌ల సిద్ధాంతం ఆకర్షణీయమైనదే. కాని కణాలు నిశ్శబ్దంగా కనిపించిన ప్రతిచోటా దాన్ని రుజువుగా వాడే ధోరణి ప్రబలింది. ఒకసారికి నాలుగైదు వస్తువులకు మించి నిలవవన్న లెక్క కూడా, వస్తువుల సంఖ్యకు పరిమితా లేక వివరాల స్పష్టతకు పరిమితా అన్నది తేలకముందే పాఠాలకెక్కింది. ఇక కంప్యూటరు ఆటలతో వర్కింగ్‌ మెమరీని పెంచి తెలివిని పెంచుతామనే వ్యాపార ప్రకటనలు నిలకడైన ఆధారం లేనివి: సాధన చేసిన ఆటలో నేర్పు పెరుగుతుందేగాని, అది చదువుకూ ఇతర తెలివికీ పాకుతుందన్నది జాగ్రత్తగా చేసిన సమీక్షలలో నిలవలేదు. హారిసన్‌, టాంగ్‌ చేసినట్టు స్కానర్‌ చిత్రంనుంచి గీతల వాలును యంత్రం చదవగలిగినంతమాత్రాన మెదడు కూడా ఆ జాడనే వాడుకుంటున్నదని అర్థం కాదు. ఎడం మధ్యలో మరో దృశ్యం చూపి, జాడ చెదిరినప్పుడు జ్ఞాపకం కూడా అదే మేరకు చెదిరిందా అని చూసే ప్రయోగాలే ఈ ప్రశ్నను తేల్చగలవు. అవి ఇటీవలనే మొదలయ్యాయి, వాటి ఫలితాలు ఇంకా ఒకదానితో ఒకటి పొసగడం లేదు.