రాణిగారి పెళ్ళెప్పుడు?

పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే ఊరందరికీ ఒకటే ప్రశ్న. పక్కింటి పిన్నిగారు అడుగుతారు, పాలు పోసే ఆవిడ అడుగుతుంది, పేరంటానికి వెళ్తే బొట్టు పెడుతూ పెడుతూనే అడుగుతారు, "అమ్మాయి పెళ్ళెప్పుడండీ?" అని. ఆ పిల్ల చదువుకుని, ఉద్యోగం చేసి, ఒకటో తారీఖున జీతం తెచ్చి తల్లి చేతిలో పెడుతున్నా సరే, ఈ ప్రశ్న మాత్రం తప్పదు. ఇది మన ఇళ్ళల్లో ఆడపిల్లలకే వచ్చిన బాధ అనుకోకండి. సింహాసనం మీద కూచున్న మహారాణికే తప్పలేదు. మంత్రులూ, పార్లమెంటూ, పరదేశాల రాయబారులూ వరసపెట్టి ఇరవై ఏళ్ళకి పైగా ఆవిణ్ణి అదే అడిగారు. ఆవిడ గట్టిగా ఔననలేదు, గట్టిగా కాదనలేదు. చూద్దాం చూద్దాం అంటూనే 44 ఏళ్ళు రాజ్యం ఏలేసింది.

ఆవిడే ఇంగ్లండు రాణి ఎలిజబెత్. 2022లో 96వ ఏట కన్నుమూసిన ఆవిడ కాదండోయ్, 1558 నుంచి 1603 దాకా ఏలిన మొదటి ఎలిజబెత్. ఎక్కడి రాణి, మనకేం పని అంటారా? 1600 డిసెంబరు 31న లండన్ వర్తకులకి తూర్పుదేశాల వ్యాపారం మీద హక్కు రాసిచ్చింది ఈవిడే. ఆ పత్రంతో పుట్టినదే ఈస్టిండియా కంపెనీ. ఆవిడ పోయిన ఎనిమిదేళ్ళకి, 1611లో, ఆ కంపెనీవాళ్ళు మన మచిలీపట్నంలో దిగి వర్తకం మొదలుపెట్టారు. ఆ తర్వాత సంగతి మనకి తెలిసిందే. కాని ఇవాళ నేను చెప్పబోయేది కంపెనీ కథ కాదు. పెళ్ళి కథ, అదీ జరగని పెళ్ళి కథ.

ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ. మగపిల్లాడి కోసం మొదటి భార్యని వదిలేసి, పోపుగారితో సైతం తెగతెంపులు చేసుకుని, ఆన్ బొలీన్ని కట్టుకున్నాడు. తీరా 1533 సెప్టెంబరు 7న ఆడపిల్ల పుట్టింది. మూడేళ్ళు తిరక్కుండానే ఆన్ మీద వ్యభిచారమూ రాజద్రోహమూ మోపి, 1536 మే 19న తల తీయించాడు. ఆ తర్వాత సరిగ్గా 11 రోజులకి ఇంకో ఆవిణ్ణి పెళ్ళాడాడు. మన లెక్కలో మైల తీరేపాటి వ్యవధి అన్నమాట!

పిల్లకి అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. నిన్నటి దాకా రాకుమారి, ఆ వేసవిలో అక్రమ సంతానమని శాసనం చేసేశారు. ఆ ఏడే ఆ పిల్లని పెంచుతున్న లేడీ బ్రయన్ అనే ఆవిడ మంత్రి క్రాంవెల్‌కి జాబు రాసుకుంది, పిల్లకి గౌన్లు లేవు, లోపావడాలు లేవు, ఏవైనా పంపించండి మహాప్రభో అని. ఎదిగే పిల్ల కదా, పాతవి పొట్టైపోయాయి. కొత్తవి కుట్టించాలన్న ఊహ తండ్రికి ఉంటేగా!

ఆ తర్వాత నలుగురు సవతి తల్లులు వచ్చారు. మొదటావిడ పురిటి జబ్బుతో పోయింది. రెండో ఆవిణ్ణి ఆర్నెల్లలో వద్దన్నాడు. మూడో ఆవిడ కేథరిన్ హోవర్డ్ తల కూడా తీయించాడు. అది 1542, ఎలిజబెత్‌కి ఎనిమిదేళ్ళు. నాలుగో ఆవిడ కేథరిన్ పార్ మంచిది, పిల్లని దగ్గరికి తీసింది. పదకొండేళ్ళప్పుడు ఎలిజబెత్ ఒక ఫ్రెంచి పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చి, సొంత దస్తూరీతో రాసి, అట్టకి జరీ దారాలతో కుట్టుపని చేసి ఆవిడకి కానుకిచ్చింది. ఆ కుట్టు కూడా తనదేనంటారు. ఆ పుస్తకం ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. హెన్రీ పోయాక ఆ కేథరిన్ థామస్ సీమూర్ అనేవాణ్ణి చేసుకుంది. వాడేమో సవతి కూతురితో వెకిలి వేషాలు వేశాడు. 1548లో ఆవిడా పురుడొచ్చిన కొద్దిరోజులకే పోయింది. మరుసటి ఏడు సీమూర్ రాజద్రోహం కింద దొరికిపోతే, పదిహేనేళ్ళ ఎలిజబెత్‌ని అధికారులు కూచోబెట్టి రోజుల తరబడి ప్రశ్నించారు. ఆ పిల్ల తొణక్కుండా జవాబులు చెప్పి బతికి బట్టకట్టింది.

ఎలిజబెత్ తన ఎనిమిదో ఏటి నుంచీ పెళ్ళి చేసుకోననేదని, చిన్ననాటి నేస్తం రాబర్ట్ డడ్లీ ఒక ఫ్రెంచి రాయబారితో చెప్పాట్ట. ఎనిమిదో ఏడంటే సవతి తల్లి తల తీయించిన ఏడు. నేను ఇంతకంటే ఏమీ అనక్కర్లేదు.

ఇక ఆవిడ అక్క మేరీ కథ చూడండి. 1553లో రాణి అయింది, మరుసటేడే స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ని చేసుకుంది. ఆ పెళ్ళి జనానికి గిట్టలేదు, తిరుగుబాటు లేచింది. ఎలిజబెత్‌కీ అందులో చెయ్యుందన్న అనుమానంతో లండన్ టవర్‌లో రెండు నెలలు బంధించారు. తల్లిని బంధించి తల తీసిందీ అక్కడే. అక్కణ్ణించి కదిలించింది 1554 మే 19న, తల్లి పోయిన తేదీనే! మేరీ పాపం కడుపుతో ఉన్నాననుకుంది, పురిటి గది సిద్ధం చేయించుకుంది, నెలలు నిండినా బిడ్డ రాలేదు. మొగుడి యుద్ధంలోకి ఇంగ్లండు దిగి, 1558 జనవరిలో కలే పట్నాన్ని పోగొట్టుకుంది. ఆ నవంబరు 17న మేరీ పోయింది. ఎలిజబెత్ ఇరవై అయిదో ఏట రాణి అయింది.

మరి మూణ్ణెల్లైనా కాకుండానే పార్లమెంటువారు పెళ్ళి మాటెత్తారు. వాళ్ళదీ తప్పనలేం. వారసుడు లేకపోతే అంతఃకలహం తప్పదని భయం. 1562లో రాణికి అమ్మవారు పోసి ప్రాణం మీదకి వస్తే దేశం దేశమే వణికిపోయింది. కాని ఆ రోజుల్లో పెళ్ళంటే ఏమిటి? ఇంటికి యజమాని మొగుడు. రాణికి యజమాని ఉంటే, రాజ్యానికి యజమాని ఎవరు? పరాయి రాజుని చేసుకుంటే దేశం వాడి చేతికి పోతుంది. సొంత ప్రభువుల్లో ఒకణ్ణి చేసుకుంటే మిగిలినవాళ్ళు కత్తులు నూరుతారు. పక్కన స్కాట్లండు రాణి మేరీ ఏరికోరి డార్న్లీని చేసుకుంది. రెండేళ్ళకి అతను హత్యకి గురయ్యాడు, అతన్ని చంపించాడని అందరూ అనుమానించిన మనిషినే ఆవిడ మళ్ళీ పెళ్ళాడింది. చివరికి గద్దె వదులుకుని 1568లో ఇంగ్లండుకి పారిపోయి వచ్చింది.

ఇక ఎలిజబెత్ చేసిందేమిటంటే, ఆ ప్రశ్ననే ఆయుధం చేసుకుంది. ముందుగా వచ్చిన సంబంధం ఎవరిదనుకున్నారు? బావ ఫిలిప్‌దే! అక్క పోతే బావకి చెల్లెల్నివ్వడం మనవాళ్ళకి కొత్తేం కాదు కదా. ఆవిడ వెంటనే జవాబు చెప్పకుండా నాన్చింది. చివరికి అతను ఫ్రెంచి రాకుమారిని చేసుకున్నాడు. తర్వాత స్వీడన్ రాజు, ఆస్ట్రియా రాకుమారుడు, ఫ్రెంచి రాకుమారులు వరసకట్టారు. సంబంధం మాటల్లో ఉన్నన్నాళ్ళు ఎవరూ యుద్ధానికి రారు. వియ్యానికొచ్చినవాడు కయ్యానికెలా వస్తాడు? అదీ ఆవిడ లెక్క.

మనసు లేని మనిషా అంటే, కాదు. డడ్లీ అంటే ప్రాణం. కాని అతనికి భార్య ఉంది. 1560లో ఆ ఇల్లాలు మెట్ల కింద చచ్చిపడి ఉంది. ప్రమాదమేనని విచారణలో తేల్చినా లోకం నమ్మలేదు. ఇంక అతన్ని చేసుకుంటే కిరీటం దక్కేది కాదు. అతను 1588లో పోయాడు. చివరగా రాసిన ఉత్తరం మీద ఆవిడ స్వహస్తంతో 'అతని ఆఖరి ఉత్తరం' అని రాసుకుని దాచుకుంది. పదిహేనేళ్ళ తర్వాత ఆవిడ పోయినప్పుడు అది మంచం పక్క పెట్టెలో దొరికింది.

అలాగని ఆవిణ్ణి దేవతని చెయ్యడం నాకిష్టం లేదు. ఆరళ్ళు పడ్డ కోడలే అత్తయ్యాక ఆరళ్ళు పెట్టినట్టు, తనకి కావాలనుకున్న స్వేచ్ఛని ఆవిడ సాటి ఆడవాళ్ళకి ఇవ్వలేదు. చుట్టమైన కేథరిన్ గ్రే రహస్యంగా పెళ్ళి చేసుకుందని టవర్‌లో పెట్టించింది. ఆ పెళ్ళి చెల్లదనిపించి, మొగుడూ పెళ్ళాల్ని విడదీయించింది. కేథరిన్ ఇరవై ఏడో ఏట దిగులుతోనే పోయింది. ఫ్రెంచి రాకుమారుడితో పెళ్ళి కూడదని 1579లో పుస్తకం రాసినవాడి కుడిచెయ్యి నరికించింది. శరణని వచ్చిన స్కాట్లండు మేరీని పందొమ్మిదేళ్ళు చెరలో ఉంచి, 1587లో మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టింది.

1581లో, 48వ ఏట, ఆఖరిసారి పెళ్ళి అంచుదాకా వెళ్ళింది. తనకంటే ఇరవై రెండేళ్ళు చిన్నవాడైన ఆ ఫ్రెంచి రాకుమారుడికి నలుగురి ఎదటా ముద్దిచ్చి ఉంగరం తొడిగింది. తెల్లారేసరికి మాట మార్చింది. అతన్ని డబ్బిచ్చి మరీ సాగనంపారు. ఏడేళ్ళ తర్వాత, ఒకప్పుడు సంబంధానికొచ్చిన బావ ఫిలిప్పే 130 దాకా ఓడలతో యుద్ధానికొచ్చాడు. గాలీ సముద్రమూ కూడా ఇంగ్లండుకే సాయం చేశాయి.

1603 మార్చి 24న ఆవిడ పోయింది. వారసుడు లేకపోతే నెత్తురు పారుతుందన్నారే, ఏమీ పారలేదు. ఆ స్కాట్లండు మేరీ కొడుకు జేమ్స్ నిమ్మళంగా వచ్చి గద్దెనెక్కాడు. ఇరవై ఏళ్ళు ఆవిణ్ణి వేధించిన భయం, వచ్చేసరికి ఉత్తిదే అయింది.

పెళ్ళి చేసుకోకపోవడం గొప్పనీ చెప్పను, చేసుకోవడం తప్పనీ చెప్పను. ఆవిడ వాడిన ఒక చిన్న ఉంగరం ఉంది. కెంపులూ వజ్రాలూ పొదిగిన ఆ ఉంగరం లాకెట్‌లా తెరుచుకుంటుంది. లోపల రెండు బొమ్మలు. ఒకటి ఎలిజబెత్‌ది, రెండోది ఆవిడ తల్లిదంటారు. తల్లి గురించి ఆవిడ నలుగురిలో మాట్లాడింది లేదనే చెప్పాలి. పెళ్ళెప్పుడూ అని అడిగినవాళ్ళెవరూ ఆ వేలి వైపు చూసినట్టు లేదు. చూసుంటే మళ్ళీ అడిగేవారు కాదేమో!