నిప్పు భయం నుంచి చట్టం దాకా: నెల్లూరు తీరంలో ఈఎంసీ

నెల్లూరు తీరానికి రేడియో విద్యతో ఉన్న సంబంధం రాకెట్ల కంటే పాతది. పందొమ్మిదో శతాబ్దం చివర గూడూరు పరిసరాల్లో గనులు తెరిచి తవ్విన అభ్రకం మొదట్లో విద్యుత్ యంత్రాలకు వేడిని తట్టుకునే రేకులుగా ఎగుమతి అయ్యేది. విలియం డుబిలియర్ అనే అమెరికన్ ఇంజనీరు గాజు జాడీల స్థానంలో అభ్రకపు పొరలతో కెపాసిటర్‌ను, అంటే విద్యుదావేశాన్ని నిలవ చేసే భాగాన్ని, రూపొందించాక మొదటి ప్రపంచ యుద్ధకాలపు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లకు అభ్రకం తప్పనిసరి సరుకైంది. ఆనాటి ట్రాన్స్‌మిటర్ రెండు లోహపు మొనల మధ్య నిప్పురవ్వను దూకించి తరంగాలను పుట్టించేది గనుక, ఒక స్టేషను పలికినంతసేపూ ఆ దరిదాపుల్లో మరొకరి సంకేతం సరిగా వినబడేది కాదు. అటువంటి రొదను వడకట్టే ఫిల్టర్లలోనూ తర్వాతి కాలంలో అభ్రకపు కెపాసిటర్లు చేరాయి కాబట్టి, రోగమూ మందూ ఒకే గనిలోంచి వచ్చాయనడం పెద్ద అతిశయోక్తి కాదు.

ఒక విద్యుత్ పరికరం తన చుట్టూ ఉన్న పరికరాల పనిని చెడగొట్టకుండా, వాటి ప్రభావంతో తన పని చెడకుండా ఉండగలగడాన్ని విద్యుదయస్కాంత అనుకూలత అంటారు. పరీక్షశాలల్లో దీనికి ఈఎంసీ అన్న పొట్టి పేరే వాడుక. పరికరం బయటికి వదిలే రొదను కొలవడం ఈ పరీక్షలో ఒక సగమైతే, బయటి రొదను అది ఎంతవరకు ఓర్చుకుంటుందో చూడడం రెండో సగం. ఐరోపాలో ఈ శాస్త్రం శ్రోతల ఫిర్యాదుల నుంచి పుట్టింది. ట్రాములు, మోటార్లు, వైద్య యంత్రాలు రేడియో ప్రసారాలను చెడగొడుతున్నందున, రొదకు దేశదేశాలకూ ఉమ్మడి కొలమానం ఏర్పరచడానికి సిస్పర్ అనే అంతర్జాతీయ సంఘం 1934లో పారిస్‌లో తొలిసారి సమావేశమైంది. అదే కాలంలో భారతదేశంలో అమల్లోకి వచ్చిన 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా రేడియో ఎవరి దగ్గరా ఉండరాదన్న విషయం మీదే దృష్టి పెట్టింది. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యాక, అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న నెల్లూరు శ్రోత లైసెన్సు రుసుము చెల్లించవలసి వచ్చినా, పక్కింటి మోటారు గరగరను అదుపు చేసే నియమమేదీ ఆ చట్టం అతనికి ఇవ్వలేదు.

నెల్లూరు తీరానికి ఈ క్రమశిక్షణ శ్రోతల బాటన కాక, నిప్పు భయంతో మరో దారిన వచ్చింది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. అక్కడి నుంచి రోహిణి-125 రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. రాకెట్టులోని ఘన ఇంధనాన్ని రగిలించే ఇగ్నైటరులో వెంట్రుకంత సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాని గుండా విద్యుత్ ప్రవహించి అది ఎర్రబడగానే చుట్టూ ఉన్న మందు అంటుకుంటుంది. ఆ తీగకు వెళ్లే వైర్లే యాంటెన్నాలా పనిచేసి సమీపంలోని రాడార్ శక్తిని లోపలికి లాగితే, బొత్తాం ఎవరూ నొక్కకుండానే ఇగ్నైటరు రగిలే ప్రమాదం ఉంది. అందుకే ఒక ఆంపియరు ప్రవాహాన్ని గానీ ఒక వాటు శక్తిని గానీ ఐదు నిమిషాలపాటు ఇచ్చినా రగలని ఇగ్నైటర్లను తయారు చేయడం, వైర్లను జంటగా మెలిపెట్టి లోహపు తొడుగులో నడపడం, వాటిని కలిపే వేళ దగ్గరలోని ట్రాన్స్‌మిటర్లను ఆపి రేడియో మౌనం పాటించడం రాకెట్ క్షేత్రాల్లో స్థిరపడిన పద్ధతులు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1967 జూలై 29న వియత్నాం తీరంలో ఫారెస్టల్ అనే అమెరికన్ విమానవాహక నౌక మీద ఒక విమానానికున్న రాకెట్టు దానంతటదే పేలి దూసుకుపోగా చెలరేగిన మంటల్లో 134 మంది మరణించారు. కొన్ని ఈఎంసీ గ్రంథాలు ఈ దుర్ఘటనను రాడార్ తరంగాలకు అంటగట్టినా, విమానం బయటి విద్యుత్తు నుంచి సొంత విద్యుత్తుకు మారే క్షణంలో ఎగసిన విద్యుత్తే కారణమన్న నౌకాదళ విచారణ ఫలితమే నమ్మదగినది. మూలం ఏదైనా, అనుకోని విద్యుత్తు ఆయుధాన్ని రగిలించగలదన్న పాఠం మారదు. ఆ ఏడాదే అమెరికా సైన్యం ఈఎంసీ పరీక్షలన్నింటినీ ఒకచోట చేర్చి మిల్-స్టాండర్డ్-461 అనే ప్రమాణాన్ని వెలువరించింది. సైనిక, అంతరిక్ష పరికరాలకు అనేక దేశాల్లో అదే నేటికీ ప్రాతిపదిక.

రాకెట్టు పెద్దదయ్యేకొద్దీ చిక్కులూ పెరిగాయి. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 నాటి నుంచీ ప్రతి ప్రయోగ వాహనం తన స్థితిగతులను నేలకు చెప్పే టెలిమెట్రీ ట్రాన్స్‌మిటరునూ, రాడారుకు బదులిచ్చే ట్రాన్స్‌పాండరునూ, దారి తప్పితే తనను తాను పేల్చుకొమ్మనే ఆదేశాన్ని అందుకునే రిసీవరునూ కొద్ది గజాల వ్యాసం కూడా లేని గొట్టంలో మోసుకెళ్లాలి. చివరిదాని విషయంలో రెండు రకాల తప్పులూ ప్రాణాంతకమే: నిజమైన ఆదేశాన్ని వినకపోతే రాకెట్టు జనావాసాల వైపు వెళ్లవచ్చు, రొదను ఆదేశంగా భ్రమిస్తే బాగున్న రాకెట్టు గాలిలోనే తునకలవుతుంది. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 ఎగిరిన సుమారు 48వ సెకనులో క్రయోజెనిక్ దశ అడుగున కొన్ని కనెక్టర్లు ఊడిపోయి నియంత్రణ ఆదేశాలు తెగిపోయాయి. వాహనం ఒరగడంతో నిమిషం దాటిన కొద్దిసేపటికి రేంజి భద్రతాధికారులు ధ్వంసం చేసే ఆదేశాన్ని పంపారు. ఆ వైఫల్యానికీ రేడియో రొదకూ సంబంధం లేదు గానీ, ముక్కలవుతున్న వాహనం మీద కూడా ఆ రిసీవరు తన పని తాను చేసిందన్నది ఈఎంసీ చరిత్రలో నమోదు కావలసిన సంగతి.

సముద్రం పక్కన ఉండడం ఈ పనికి మరో పరీక్ష. లోహపు భాగాలన్నీ ఒకే విద్యుత్ మట్టంలో ఉండాలంటే వాటి అతుకుల దగ్గర నిరోధం అతి స్వల్పంగా ఉండాలి. పాత అమెరికన్ సైనిక ప్రమాణం దానిని 2.5 మిల్లీఓములకు పరిమితం చేసింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ప్రతి అతుకూ ఆ హద్దును దాటజూస్తుంది కనుక, తీరంలోని ఈఎంసీ నిపుణుడి పనిలో సిద్ధాంతం కంటే తుడవడం, బిగించడం, మళ్లీ కొలవడమే ఎక్కువ.

మార్కెట్ సరుకుల కథ ఇంత తొందరగా నడవలేదు. ఐరోపా 1989లో ఈఎంసీ ఆదేశాన్ని తెచ్చి 1996 జనవరి 1 నుంచి దానిని తప్పనిసరి చేసింది. ఇళ్లలో వాడే పరికరం 10 మీటర్ల దూరంలో, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య, మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులకు మించిన క్షేత్రాన్ని వెదజల్లరాదన్న సిస్పర్ హద్దు దీనితో వ్యాపార షరతైంది. బయటి తరంగాలు చొరబడని లోహపు గదిలో, గోడల నిండా కార్బను కలిపిన నురుగు శంకువులు అమర్చి ప్రతిధ్వనులను మింగించి ఈ కొలత తీస్తారు. శ్రీహరికోటకు దక్షిణాన, తడ పక్కన 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫాక్స్‌కాన్ 2015లో షావోమీ ఫోన్ల తయారీ ప్రారంభించాక అంతరిక్ష కేంద్రానికి కొద్ది దూరంలోనే లక్షల కొద్దీ చిన్న ట్రాన్స్‌మిటర్లు తయారు కాసాగాయి. చెన్నై తరమణిలోని సమీర్ సంస్థ ఈఎంసీ ప్రయోగశాల ఈ ప్రాంతపు తయారీదారులకు అందుబాటులో ఉంది.

భారత ప్రభుత్వం 2012లో ఎలక్ట్రానిక్ వస్తువులకు తెచ్చిన తప్పనిసరి నమోదు షాకు, మంట వంటి ప్రమాదాలనే చూసింది. టెలికాం పరికరాలకు మాత్రం 2017 సవరణ నియమాల ద్వారా పరీక్షలను తప్పనిసరి చేసి, 2019 అక్టోబరు 1 నుంచి తొలి దశలో అమలు చేయగా వాటిలో ఈఎంసీ కూడా చేరింది. ఐరోపాలో వలె సమస్త పరికరాలకూ వర్తించే చట్టం ఇక్కడ రాలేదు. ఈ లోపాన్ని చిన్నదిగా చూడడం తగదు. చౌకబారు ఎల్ఈడీ దీపమూ ఛార్జరూ లోపలి స్విచింగ్ సర్క్యూట్లతో మీడియం వేవ్ ప్రసారాలను మింగేస్తున్నా, 1938 నాటి శ్రోతలాగే నేటి శ్రోతకూ ఫిర్యాదు చేయడానికి చేతిలో చట్టం దాదాపు లేదు. ఒకే పారిశ్రామికవాడలో తయారైన వస్తువు ఐరోపా ఓడ ఎక్కితే ఈఎంసీ నివేదిక వెంట తీసుకుపోవాలి, సూళ్లూరుపేట దుకాణానికి వెళితే చాలా సందర్భాల్లో అవసరం లేదు.